పొగాకు ప్యాకెట్ మీద బొమ్మ: ప్రయోజన వర్గాలు ప్రభుత్వ విధానాన్ని ఎలా మలుస్తాయి?

రాజనీతి:

2014 అక్టోబరు 15న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ జారీ చేసింది. సిగరెట్, బీడీ, నమిలే పొగాకు ప్యాకెట్ల మీద అప్పటివరకు ముందువైపున మాత్రమే 40 శాతం మేర ఉన్న హెచ్చరిక బొమ్మ ఇకపై రెండు వైపులా 85 శాతం ఉండాలని, 2015 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లోకి రావాలని దాని సారాంశం. నిజానికి అది అమల్లోకి వచ్చింది 2016 ఏప్రిల్ 1న. మధ్యలో గడిచిన ఆ ఏడాదిలో ఏం జరిగిందో చూస్తే, ప్రయోజన వర్గాలు, అంటే ఒక ఉమ్మడి ప్రయోజనం కోసం పనిచేసే సమూహాలు, ప్రభుత్వాన్ని ఏయే దారుల్లో ప్రభావితం చేస్తాయో పాఠ్యపుస్తకాలకన్నా స్పష్టంగా తెలుస్తుంది. ఈ చర్చను అందుకే మొదలుపెడుతున్నాను.

ఆ నోటిఫికేషన్ పార్లమెంటు చేసిన చట్టం కాదు, 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద మంత్రిత్వ శాఖ రూపొందించిన నిబంధన. ఇలాంటి నిబంధనలను పరిశీలించడానికి లోక్‌సభలో సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ ఒకటి ఉంటుంది. పత్రికలు దాని గురించి ఎప్పుడో గాని రాయవు, ఓటర్లలో దాని పేరు విన్నవారు తక్కువ. అహ్మద్‌నగర్ ఎంపీ దిలీప్ గాంధీ అధ్యక్షతన ఉన్న ఆ కమిటీ 2015 మార్చిలో, తాము పరిశీలన ముగించేవరకు కొత్త నిబంధనను నిలిపి ఉంచాలని సిఫారసు చేసింది. ఏప్రిల్ 1 ఇంకా కొద్ది రోజులుందనగా ప్రభుత్వం అమలును వాయిదా వేసింది. ఆ కమిటీలో సభ్యుడైన అలహాబాద్ ఎంపీ శ్యామచరణ్ గుప్తా స్వయంగా పెద్ద బీడీ వ్యాపారి. ఆ సంగతి ఎవరూ దాచలేదు, ఆయన ఎన్నికల అఫిడవిట్ చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తన వ్యాపారాన్ని నేరుగా తాకే నిబంధన మీద తీర్పు చెప్పే స్థానంలో ఆయన కూర్చోవడాన్ని ఆపగల ఏర్పాటు లేకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం.

లంచాలు, సంచులు, రహస్య భేటీల గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. ఇక్కడ అలాంటివేవీ అవసరం పడలేదు. అంతా నియమావళి ప్రకారమే, కమిటీ గదిలోనే, అధికారిక నివేదిక రూపంలోనే జరిగింది. ప్రయోజన వర్గాల అసలు బలం అక్కడే ఉందని నా అభిప్రాయం. సభ్యులు తమకు తెలిసిన కోణాల నుంచి చర్చిస్తే బాగుంటుంది.

వెన్నెల:

నేను గుంటూరులో నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ రోగులకు చికిత్స చేసే వైద్యురాలిని. రాజనీతి గారు రాసిన ఆ 2015 మార్చి మాకు బాగా గుర్తుంది. పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని తేల్చిన అధ్యయనాలన్నీ విదేశాలవేనని, భారతదేశంలో అలాంటి పరిశోధన జరగలేదని కమిటీ అధ్యక్షుడు అప్పట్లో బహిరంగంగానే అన్నారు. దేశంలో రోగుల వివరాలు నమోదు చేసే క్యాన్సర్ రిజిస్ట్రీలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి, మన వైద్య కళాశాలల్లో దీని మీద ఎన్నో సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. అయినా ఆ మాట కొన్నాళ్లపాటు విధానానికి ఆధారంగా చెలామణి అయింది. అసలు విషయాన్ని ఓడించనక్కరలేదు, దాని చుట్టూ సందేహం కల్పిస్తే చాలు. సందేహం ఉన్నంతకాలం మరింత అధ్యయనం కావాలంటారు, అధ్యయనం జరుగుతున్నంతకాలం పాత బొమ్మే కొనసాగుతుంది. పొగాకు కంపెనీలు ప్రపంచమంతటా ఎన్నో దశాబ్దాలుగా వాడిన పద్ధతి ఇదే.

బొమ్మ వల్ల ప్రయోజనం ఉందా అని అడిగేవారికి ప్రభుత్వ సర్వేయే సమాధానం చెబుతుంది. పెద్దవారిలో పొగాకు వాడకంపై జరిగిన జాతీయ సర్వేలో, ప్యాకెట్ మీది హెచ్చరిక చూసి మానేయాలని ఆలోచించిన సిగరెట్ వినియోగదారులు 2009-10లో 38 శాతం మంది ఉండగా, 2016-17 నాటికి దాదాపు 62 శాతానికి పెరిగారు. బీడీ తాగేవారిలో ఆ సంఖ్య 29 నుంచి 54 శాతానికి చేరింది. మొత్తం మీద పొగాకు వాడేవారు అదే కాలంలో 34.6 శాతం నుంచి 28.6 శాతానికి తగ్గారు. ఈ తగ్గుదల అంతా బొమ్మ వల్లనేనని నేను అనను. పన్నులు పెరిగాయి, గుట్కా మీద నిషేధాలు వచ్చాయి, అవగాహన పెరిగింది. కానీ చదవడం రాని మనిషికి ప్యాకెట్ మీద చేరే సమాచారం ఆ బొమ్మ ఒక్కటే.

మా ఆసుపత్రి ఎదుటి పాన్ షాపులో ప్యాకెట్ తెరిచి, సిగరెట్లను గాజు గ్లాసులో నిలబెట్టి, విడివిడిగా అమ్ముతుంటారు. చిల్లర ఇచ్చి ఒకటి తీసుకుని, వేలాడదీసిన లైటర్‌తో అంటించుకుని వెళ్లేవాడు ఏ బొమ్మనూ చూడడు. కొనుగోలుదారుల్లో ఎక్కువమంది ఇలాంటివారేనని తెలిసి కూడా పరిశ్రమ ఆ బొమ్మ మీద ఇంత పోరాటం చేసిందంటే, దాని ప్రభావం ఎంతో మనకన్నా వారికే బాగా తెలుసన్నమాట.

టంగుటూరు రైతు:

డాక్టరమ్మగారు చెప్పిన లెక్కలను నేను కాదనను. మా ఊళ్లోనూ ఆ జబ్బుతో పోయినవారున్నారు. అయితే ఈ చర్చలో రైతు మాట ఇంకా రాలేదు కనుక రాస్తున్నాను. మా కుటుంబం రెండు తరాలుగా సిగరెట్లలో వాడే వర్జీనియా పొగాకు పండిస్తోంది.

పొగాకు బోర్డు చట్టం 1975లో వచ్చింది, బోర్డు గుంటూరు కేంద్రంగా 1976 జనవరిలో మొదలైంది. అంతకుముందు వ్యాపారి చెప్పిందే ధర, ఇచ్చినప్పుడే డబ్బు. వేలం కేంద్రాలు వచ్చాక కనీసం అందరి ముందూ ధర పలకడం, డబ్బు బ్యాంకులో పడడం మొదలైంది. ఎంత సాగు చేయాలో, ఆకును వేడితో ఆరబెట్టే ఒక్కో బ్యారన్‌కు ఎంత సరుకు అమ్ముకోవచ్చో బోర్డే నిర్ణయిస్తుంది. అంటే ఈ పంటను నాతో పండిస్తున్నది ఒక విధంగా కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖే. అదే కేంద్రంలోని ఆరోగ్య శాఖ ఈ పంట ఉండకూడదంటుంది. లైసెన్సు ఇచ్చిన చేయీ, అభ్యంతరం చెప్పిన చేయీ ఒకే ప్రభుత్వానివైతే రైతు ఎవరి మాట నమ్మాలి?

వేలం రోజు ఎలా ఉంటుందో చూడనివారి కోసం చెబుతాను. తెల్లవారకముందే ట్రాక్టర్ మీద బేళ్లు తీసుకువెళ్లి వరుసగా పేరుస్తాం. గోనె విప్పి ఆకు పైకి కనిపించేలా పెడతాం. గ్రేడు రాసిన చీటీ బేలు మీద ఉంటుంది. కొనుగోలుదారులు వరుస వెంట నడుస్తూ ఆకును వేళ్లతో నలిపి, వాసన చూసి, ఒక్కో బేలు దగ్గర కొన్ని క్షణాలు మాత్రమే ఆగుతారు. ఆ క్షణాల్లోనే ఏడాది కష్టానికి విలువ తేలిపోతుంది. ఎవరూ ధర పలకకపోతే ఆ బేలు ‘నోబిడ్’. దాన్ని మళ్లీ కట్టుకుని, కిరాయి పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. వరుసలో నడిచే కంపెనీలు ఎన్ని ఉన్నా, పెద్ద కంపెనీ ఒకటి చేయి వెనక్కి తీసుకుంటే మిగిలినవారూ వెనక్కి తగ్గుతారు.

2015లో ధరలు పడిపోయి మా జిల్లాలో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. అటువంటి సమయంలో బొమ్మ పెంచితే అమ్మకాలు పడిపోతాయి, మీ ఆకు కొనేవారుండరు అని మాకు చెబితే మేము భయపడకుండా ఎలా ఉంటాం? రైతులు ఢిల్లీ వెళ్లి ధర్నా చేస్తే దాన్ని కంపెనీల నాటకం అనడం న్యాయం కాదు. మా భయం నిజమైనది.

రాజనీతి:

టంగుటూరు రైతు గారి మాటలోని బాధ నిజం. ఆ భయం నిజమైనదేనని నేనూ అంటాను. కాలక్రమం మాత్రం ఒకసారి గమనించండి. ధరలు పడిపోయిన 2015 వేలం సీజన్‌లో ప్యాకెట్ల మీద ఉన్నది పాత 40 శాతం బొమ్మే. పెద్ద బొమ్మ ఇంకా వాయిదాలో ఉంది. అంతర్జాతీయ విపణిలో నిల్వలు పేరుకుని గిరాకీ తగ్గడం, తక్కువ గ్రేడు సరుకు ఎక్కువగా రావడం ఆనాటి పతనానికి దారితీశాయి. మన వర్జీనియా ఆకులో గణనీయమైన భాగం ఎగుమతి అవుతుంది, దాన్ని చుట్టే ప్యాకెట్ మీద ఏ బొమ్మ ఉండాలో ఆయా దేశాలు నిర్ణయిస్తాయి. అయినా ఆ ఏడాది వినిపించిన వాదనల్లో రైతు ఆత్మహత్యలూ హెచ్చరిక బొమ్మా పక్కపక్కనే నిలిచాయి. ఒకచోటి దుఃఖాన్ని తెచ్చి ఇంకొకచోటి వాదనకు ఆధారంగా నిలపడం ప్రయోజన వర్గాలకు బాగా తెలిసిన పని.

కొనసాగింపు కూడా నమోదు చేస్తాను. 2016 మార్చిలో కమిటీ తుది నివేదిక 85 బదులు 50 శాతం చాలని చెప్పింది. ఆలోపు రాజస్థాన్ హైకోర్టు జోక్యంతో మంత్రిత్వ శాఖ 2016 ఏప్రిల్ 1ని అమలు తేదీగా ప్రకటించి ఉండడం వల్ల నిబంధన అమల్లోకి వచ్చింది. వెంటనే పెద్ద సిగరెట్ కంపెనీలు స్పష్టత లేదంటూ కర్మాగారాల్లో ఉత్పత్తి ఆపేశాయి. మే 4న సుప్రీంకోర్టు నిబంధన పాటించాల్సిందేనని చెప్పి, దేశవ్యాప్తంగా ఉన్న కేసులను కర్ణాటక హైకోర్టుకు బదిలీ చేసింది. 2017 డిసెంబరులో ఆ హైకోర్టు 85 శాతం నిబంధనను కొట్టివేయగా, 2018 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. అప్పటి నుంచి 85 శాతమే కొనసాగుతూ వచ్చింది. కమిటీ, మంత్రిత్వ శాఖ, కర్మాగారం, న్యాయస్థానం: ఒక తలుపు మూసుకుంటే మరొకటి తట్టగల ఓపిక, అందుకు తగిన ధనం పరిశ్రమకు ఉన్నాయి. టంగుటూరు రైతుకు ఈ నాలుగింటిలో ఏ తలుపు అందుబాటులో ఉంది?

ఇందూరు బిడ్డ:

మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుట్టింది. నిజామాబాద్ జిల్లాలో మా వాడకట్టులో అప్పుడు బీడీలు చుట్టని ఇల్లు లేదు. కనుక ఈ చర్చలో సిగరెట్ కంపెనీలతో పాటు బీడీ యజమానుల పాత్ర కూడా నమోదు కావాలని కోరుతున్నాను.

2003 చట్టంలో మొదట ప్యాకెట్ మీద పుర్రె, ఎముకల గుర్తు తప్పనిసరి అని ఉండేది. దానికి వ్యతిరేకంగా తెలంగాణ జిల్లాల్లో బీడీ కార్మికులు రోడ్డెక్కారు. పుర్రె గుర్తు పెడితే కార్ఖానాలు మూతపడతాయని టేకేదార్లు (బీడీ పని ఇచ్చే కాంట్రాక్టర్లు) ఇంటింటికీ చెప్పారు. ఆ మాట నమ్మి మా అమ్మలాంటివారు ఊరేగింపుల్లో నడిచారు. బీడీ కార్మికులు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాల ఎంపీలు పార్టీలకు అతీతంగా లేఖలు రాశారు. 2007లో ఈ వ్యవహారాన్ని పరిశీలించిన మంత్రుల బృందానికి ప్రణబ్ ముఖర్జీ నాయకత్వం వహించారు. ఆయన నియోజకవర్గమైన జంగీపూర్ ఉన్నది బీడీ పరిశ్రమకు పేరున్న ముర్షిదాబాద్ జిల్లాలో. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి పుర్రె గుర్తు తప్పనిసరి కాదన్నారు. 2009లో మొదటిసారి బొమ్మలు వచ్చినప్పుడు నమిలే పొగాకు మీద తేలు బొమ్మ, సిగరెట్ల మీద ఊపిరితిత్తుల బొమ్మ కనిపించాయి. తేలును చూసి క్యాన్సర్ అని ఎవరికి అర్థమవుతుంది?

మా అమ్మ పని ఎలా ఉండేదంటే, రాత్రి తునికాకు నానబెట్టి, తెల్లవారి ఇనుప రేకును కొలతగా పెట్టి కత్తెరతో ఆకు కత్తిరించి, చేటలో జర్దా పోసుకుని వెయ్యి బీడీలు చుట్టేది. సాయంత్రం కార్ఖానాకు తీసుకెళ్తే టేకేదారు కొన్నింటిని ‘ఛాట్’ అని పక్కన పడేసేవాడు. పడేసిన బీడీలకు కూలీ ఉండదు, ఆ బీడీలు మాత్రం తిరిగి ఇవ్వడు. నెలలో పది పదిహేను రోజులే పని దొరికిన కాలం ఉంది. పీఎఫ్ నంబరు కోసం ఏళ్ల తరబడి తిరిగినవారు ఉన్నారు. ఊరేగింపు కోసం మమ్మల్ని పిలిచిన యాజమాన్యాలు ఛాట్ గురించి, పీఎఫ్ గురించి ఒక్కసారైనా మా తరఫున ప్రభుత్వాన్ని అడగలేదు. పుర్రె గుర్తు విషయంలో ‘లక్షలాది మహిళల ఉపాధి’ అన్నవారు, కూలీ రేటు చర్చకు వచ్చినప్పుడు అదే లక్షలాది మహిళలను ఖర్చు పద్దుగా లెక్కించారు.

అయితే కార్మికులు తమంతట తాము సంఘటితమైనప్పుడు ఫలితం వేరుగా ఉందని కూడా చెప్పాలి. తెలంగాణ ఏర్పడిన తర్వాత బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి మొదలై, తర్వాత 2,016 రూపాయలకు పెరిగింది. దాని వెనుక కార్మిక సంఘాల ఏళ్ల పోరాటం ఉంది, ఎన్నికల లెక్కలూ ఉన్నాయి. మా అమ్మ మందుల ఖర్చు ఆ డబ్బుతోనే గడుస్తోంది. ఇది కూడా ఒక ప్రయోజన వర్గం సాధించిన విధానమే కదా. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీల మీద పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని, ఇతర పొగాకు ఉత్పత్తులను 40 శాతం శ్రేణిలో ఉంచాలని నిర్ణయించింది. ఆ పది శాతంలో కూలీకి చేరేది ఎంతో చూడాలి.

చట్టసభ:

హైకోర్టులో న్యాయవాదిని. రాజనీతి గారు లేవనెత్తిన ఏర్పాటు లేమి గురించి చట్టం ఏం చెబుతుందో వివరిస్తాను.

లోక్‌సభ నియమావళిలో 255వ నియమం ఒకటి ఉంది. కమిటీ పరిశీలిస్తున్న అంశంలో ఒక సభ్యుడికి వ్యక్తిగత లేదా ఆర్థిక ప్రయోజనం ఉందని ఎవరైనా అభ్యంతరం తెలిపితే స్పీకర్ నిర్ణయం తీసుకుంటారు. అభ్యంతరం తెలపాల్సింది మాత్రం తోటి సభ్యులే. సభ్యుడు తనంతట తాను తప్పుకోవాలని నియమం బలంగా నిర్దేశించదు. రాజ్యసభలో సభ్యుల ప్రయోజనాలను నమోదు చేసే రిజిస్టర్ ఉంది. 2015 నాటికి లోక్‌సభలో అలాంటిది లేదు. పొగాకు కమిటీ ఉదంతం ఈ ఖాళీలోంచే పుట్టింది.

ఇక చట్టసభ్యులను, అధికారులను తమ వైపు తిప్పుకునే ప్రయత్నమైన లాబీయింగ్‌కు మన దేశంలో ప్రత్యేక చట్టమే లేదు. 2012లో వాల్‌మార్ట్ సంస్థ అమెరికా చట్టం ప్రకారం అక్కడ దాఖలు చేసిన లాబీయింగ్ ఖర్చుల్లో భారత విపణి ప్రస్తావన బయటపడినప్పుడు మన పార్లమెంటు దద్దరిల్లింది, జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ జరిపించారు. మనకు ఆ సమాచారం తెలిసింది వేరే దేశపు చట్టం వల్ల. మన దగ్గర అదే పని చేసినవారి వివరాలు ఏ కాగితంలోనూ కనిపించవు. 2013లో ఎంపీ కాళీకేశ్ సింగ్‌దేవ్ లాబీయింగ్ వివరాల వెల్లడికి ఒక ప్రైవేటు సభ్యుల బిల్లు ప్రవేశపెట్టారు గాని అది చట్టం కాలేదు. ఇందుకు తోడు, కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి పార్టీలకు ఇవ్వరాదన్న పరిమితిని 2017లో తొలగించి, ఎన్నికల బాండ్ల పేరుతో దాతల పేర్లను గోప్యం చేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసేదాకా ఎవరి డబ్బు ఏ విధానం వెనుక ఉందో అడిగే అవకాశమే పౌరుడికి లేకుండా పోయింది.

పొగాకు విషయంలో మాత్రం మనకు ఒక అదనపు ఆయుధం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను భారత్ 2004లో ఆమోదించింది. ప్రజారోగ్య విధానాలను పొగాకు పరిశ్రమ ప్రయోజనాల నుంచి కాపాడాలని అందులోని 5.3 అధికరణ స్పష్టంగా చెబుతుంది. ఒకవైపు ఆ సంతకం ఉండగా, మరోవైపు ప్రభుత్వ రంగ ఎల్‌ఐసీ దేశంలోని అతిపెద్ద సిగరెట్ కంపెనీలో ప్రధాన వాటాదారుగా ఉంది. ఈ వైరుధ్యాన్ని న్యాయస్థానాల ముందుకు తెచ్చినవారూ ఉన్నారు.

తుంగభద్ర:

నాదొక ప్రశ్న. పొగాకు కంపెనీలవి ప్రయోజన వర్గాలైతే, వాటిని వ్యతిరేకించే ఆరోగ్య సంస్థలు కావా? వాటికి విదేశీ దాతృత్వ సంస్థల నుంచి నిధులు వస్తాయి. 2017 ఏప్రిల్‌లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్‌ను కేంద్రం రద్దు చేసినప్పుడు, పొగాకు నియంత్రణ విధానాల కోసం లాబీయింగ్ చేసిందన్నది ప్రస్తావనకు వచ్చిన కారణాల్లో ఒకటి. ఒకరు చేస్తే ప్రభావం, మరొకరు చేస్తే ప్రజాసేవ అని ఎలా విడదీస్తాం?

వెన్నెల:

తుంగభద్ర గారి ప్రశ్న సహేతుకమైనది. మావి కూడా ప్రయోజన వర్గాలే. మేమూ మంత్రులను కలిశాం, వినతిపత్రాలు ఇచ్చాం, రోగులను విలేకరుల ముందుకు తీసుకువచ్చాం. మాకు వచ్చే నిధుల వివరాలు బహిరంగంగా ఉండాలని నేను కూడా కోరుకుంటాను. తేడా ఎక్కడుందంటే, విదేశీ విరాళం తీసుకునే సంస్థ ప్రతి రూపాయికీ ప్రభుత్వానికి లెక్క చూపాలి, తేడా వస్తే రిజిస్ట్రేషన్ పోతుంది. కంపెనీ ఒక ఎంపీని కలవడానికి, ఒక రైతు సమాఖ్య పేరుతో పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన ఇవ్వడానికి అలాంటి లెక్క ఎవరూ అడగరు. కొలత ఇద్దరికీ ఒకటే పెట్టమంటున్నాను.

మరొక మాట. క్యాన్సర్ రోగులకు సంఘం లేదు. సంఘం పెట్టుకునేంత కాలం వారిలో చాలామంది బతకరు. వారి తరఫున ఎవరో ఒకరు మాట్లాడకపోతే ఆ గదిలో వారి కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

ప్రవాసి:

వర్జీనియా రాష్ట్రం నుంచి రాస్తున్నాను. మన ప్రకాశం జిల్లాలో పండే ఆకుకు ఆ పేరు వచ్చింది ఈ నేల నుంచే. ఇక్కడి అనుభవంలో ఒక ఘట్టం ఈ చర్చకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

అమెరికాలో 1938 నుంచి పొగాకు సాగుకు, ఎవరు ఎంత పండించవచ్చో నిర్ణయించే కోటా విధానం ఉండేది. దశాబ్దాలపాటు ఇక్కడి రైతులు కూడా కంపెనీల పక్షానే నిలిచారు. 1990ల్లో కంపెనీలు విదేశీ ఆకు కొనడం పెంచడంతో రైతులకు కనువిప్పు కలిగింది. 1998 మార్చిలో పొగాకు రైతు సంఘాలు, ప్రజారోగ్య సంస్థలు కలిసి ఒక ఉమ్మడి సూత్రాల పత్రాన్ని విడుదల చేశాయి. అంతకుముందు ఒకే గదిలో కూర్చోవడానికి ఇష్టపడనివారు, పొగాకు వాడకం తగ్గాలన్న మాటకు, రైతు కుటుంబం వీధిన పడకూడదన్న మాటకు ఇద్దరూ కట్టుబడ్డారు. ఆ కలయిక ఫలితం 2004లో కనిపించింది. కోటా విధానాన్ని ముగిస్తూ అమెరికా పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఒక్కో పౌండు కోటాకు యజమానులకు మొత్తం 7 డాలర్లు, సాగుదారులకు 3 డాలర్ల లెక్కన పదేళ్లలో విడతలుగా చెల్లించారు. ఆ మొత్తం దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు. చెల్లించింది పన్ను కట్టే పౌరులు కాదు, పొగాకు ఉత్పత్తి కంపెనీల మీద విధించిన రుసుముతో సమకూర్చారు.

అది లోపాలు లేని పథకం కాదు. చిన్న కౌలుదారులకు తక్కువ దక్కింది, పెద్ద కమతాలు ఇంకా పెద్దవయ్యాయి. అలాగే ఇక్కడ 1995 చట్టం కింద లాబీయిస్టులు ఎవరి తరఫున, ఏ బిల్లు మీద, ఎంత ఖర్చుతో పనిచేశారో మూడు నెలలకొకసారి దాఖలు చేస్తారు. వెల్లడి చేయడం వల్ల ధనబలం తగ్గలేదు గాని, పత్రికలకూ ప్రత్యర్థులకూ చేతిలో కాగితం ఉంటుంది.

టంగుటూరు రైతు:

ప్రవాసి గారు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఇలాంటి ఏర్పాటు మన దగ్గర ఉంటుందంటే సాగు వదలడానికి సిద్ధపడేవారు మా ఊళ్లో సగానికి పైగా ఉంటారు. ప్రత్యామ్నాయ పంటల కోసం 2015-16 నుంచి కేంద్ర పథకం ఒకటి పొగాకు రాష్ట్రాలకు విస్తరించింది. అందులో ఇచ్చేది విత్తనాలకు, పనిముట్లకు సాయం. బ్యారన్ మీద పెట్టిన అప్పుకు, దాన్ని కూల్చి వేరే పంటకు మళ్లడానికి మధ్య ఉన్న రెండు మూడేళ్ల ఆదాయానికి అది సమాధానం కాదు. శనగ వేస్తే ధర ఏమవుతుందో, ఏ ధర వస్తే ఎంత మిగులుతుందో మాకు తెలుసు.

నల్లబర్లీ అనే మరో పొగాకు రకం సంగతి కూడా చెప్పాలి. అది పొగాకు బోర్డు వేలం పరిధిలోకి రాదు, కంపెనీలూ వ్యాపారులూ నేరుగా కొంటారు. ముందు ఏడాది మంచి ధర చూసి 2025లో పర్చూరు వైపు రైతులు విపరీతంగా వేశారు. వేయమని ప్రోత్సహించినవారు పంట చేతికొచ్చాక కొనలేదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చింది. అంటే లాభం కంపెనీలది, నష్టం ప్రజల ఖజానాది. బొమ్మ పెంచినప్పుడు ఢిల్లీ దాకా వినిపించిన ‘రైతు సంక్షేమం’ అన్న మాట ఆ వేసవిలో ఏ కంపెనీ నోటా నేను వినలేదు.

నేను అడిగేది ఒకటుంది. పొగాకు బోర్డులో సాగుదారుల ప్రతినిధులు ఉంటారు. వారిని నియమించేది కేంద్ర ప్రభుత్వం. మేము ఎన్నుకోము. వేలం కేంద్రాల వారీగా రిజిస్టరైన సాగుదారుల జాబితా బోర్డు దగ్గరే ఉంది, ఓటింగ్ పెట్టడం కష్టమేమీ కాదు. మా ప్రతినిధిని మేము ఎన్నుకుంటే, కమిటీ ముందు రైతుల పేరుతో ఎవరు కూర్చున్నా ‘మీరు ఎవరు’ అని అడిగే హక్కు మాకు వస్తుంది.

ఇందూరు బిడ్డ:

రైతు గారి ప్రతిపాదన బీడీ కార్మికులకు కూడా వర్తిస్తుంది. మా అమ్మ పేరు మీద ఎన్ని వినతిపత్రాలు ఢిల్లీ చేరాయో ఆమెకు తెలియదు. కమిటీలు సాక్షులను పిలిచేటప్పుడు యజమానుల సంఘాన్నీ కార్మికుల సంఘాన్నీ వేర్వేరుగా పిలవాలి, ఇద్దరినీ ‘బీడీ పరిశ్రమ’ అన్న ఒకే శీర్షిక కింద కూర్చోబెట్టకూడదు. ఇల్లే కార్ఖానాగా చేసుకుని చుట్టే మహిళలను ఒక్కరినైనా నేరుగా వినాలి.

చట్టసభ:

ఇవి రెండూ ఆచరణ సాధ్యమైన కోరికలే. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం ప్రకారం ప్రతి ముసాయిదా చట్టాన్నీ, నిబంధననూ కనీసం 30 రోజులు ప్రజల ముందుంచి అభిప్రాయాలు కోరాలి. ఇది చట్టబద్ధమైన హక్కు కాదు, చాలాసార్లు పాటించరు. అయినా ముసాయిదా వెలువడినప్పుడు గడువులోపు పంపిన లేఖ ఫైలులో చేరుతుంది. తర్వాత న్యాయస్థానానికి వెళ్లినప్పుడు ఆ లేఖను పరిగణించారా లేదా అని అడగవచ్చు. పొగాకు బోర్డు చట్టం విషయంలో సాగుదారుల ప్రతినిధుల ఎన్నిక గురించి వాణిజ్య మంత్రిత్వ శాఖకు ఒక వినతిపత్రం, కమిటీ సాక్షుల విషయంలో లోక్‌సభ సచివాలయానికి మరొకటి నేను తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి పెడతాను. టంగుటూరు రైతు గారు, ఇందూరు బిడ్డ గారు తమ వైపు వివరాలు చేర్చాలి. వెన్నెల గారు వైద్యుల తరఫున సంతకం చేస్తే బాగుంటుంది. రైతులూ వైద్యులూ ఒకే కాగితం మీద కనిపించడం మన దగ్గర అరుదు.

వెన్నెల:

సంతకం చేస్తాను. మా సంఘంలో మరికొందరిని అడుగుతాను. ఒక షరతు: బొమ్మ పరిమాణం తగ్గించాలన్న మాట అందులో ఎక్కడా ఉండకూడదు.

టంగుటూరు రైతు:

ఉండదు, డాక్టరమ్మగారు. బ్యారన్ అప్పుల వివరాలు, 2015 నుంచి మా కేంద్రంలో సగటు ధరల పట్టిక ఈ వారంలో పంపుతాను. కౌలు రైతుల గురించి ఒక పేరా విడిగా ఉండాలని కోరుతున్నాను. బోర్డు రిజిస్ట్రేషన్ బ్యారన్ యజమాని పేరు మీద ఉంటుంది, పంట పెట్టినవాడు చాలాచోట్ల వేరొకరు. ఓటు ఎవరికి అన్నది ముందే తేల్చుకోకపోతే అదే చిక్కు మళ్లీ వస్తుంది.